యుద్ధ ట్యాంకుకి 'ట్యాంకు' అనే పేరెలా వచ్చింది? మొదట ఎవరు చేశారు?

సోషల్ టీచర్, నరసాపురం:

నమస్కారం అండీ. మా హైస్కూల్లో మొదటి ప్రపంచ యుద్ధం పాఠం చెబుతూ ట్యాంకు బొమ్మ చూపించాను. ఒక పిల్ల లేచి, "టీచర్, ట్యాంకంటే నీళ్లది కదా, మా డాబా మీద ఉంటుంది. దీన్నీ ట్యాంకనే ఎందుకంటారు?" అంది. నా దగ్గర సరైన జవాబు లేదు. ఎవరు కనిపెట్టారని వెతికితే ఒక్కో చోట ఒక్కో పేరు కనిపిస్తోంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. సోమవారం ఆ పిల్లకి జవాబు చెప్పాలి.

పాత నాణేలు:

పేరు సంగతి నేను చెబుతానండీ. అది గుట్టు దాచడానికి పెట్టిన పేరు. 1915లో ఇంగ్లండులో దీన్ని తయారుచేసేటప్పుడు 'ల్యాండ్‌షిప్' అనేవారు, అంటే నేల మీద నడిచే ఓడ. ఆ మాట బయటికి పొక్కితే శత్రువుకి విషయం తెలిసిపోతుంది. అందుకని మెసొపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) సైన్యానికి నీళ్లు మోసే బండ్లు చేస్తున్నామని ఫ్యాక్టరీ పనివాళ్లతో చెప్పారు. అప్పుడు అక్కడ పోరాడుతున్నది ఎక్కువగా మన భారత సైన్యమే. 1915 డిసెంబరు ఆఖరికి 'ట్యాంకు' అనే మాట ఖాయమైంది. కొన్నిటి మీద 'జాగ్రత్తగా పెట్రోగ్రాడ్‌కి' (అప్పటి రష్యా రాజధాని) అని రష్యన్ అక్షరాల్లో కూడా రాశారు.

మీ విద్యార్థినికి ఇంకో మాట చెప్పండి. ఇంగ్లిషులోకి ఈ 'ట్యాంకు' గుజరాతీ, మరాఠీల 'టాంకీ' నుంచి వెళ్లిందని నిఘంటువులు చెబుతాయి, పోర్చుగీసు మాట కూడా దానికి తోడైందట. ఇక్కడి ఇంగ్లిషువాళ్లకి ట్యాంకంటే చెరువు. హుస్సేన్‌సాగర్ కట్ట ట్యాంక్‌బండ్ అయింది అలాగే. ఇక కనిపెట్టింది చర్చిల్.

మాజీ ఈఎంఈ, భీమవరం:

టీచరు గారూ, నేను సైన్యంలో బండ్లూ ఆయుధాలూ బాగుచేసే ఈఎంఈ విభాగంలో ట్యాంకుల మెకానిక్‌గా చేశాను, ఎక్కువ కాలం మన సైన్యపు విజయంత ట్యాంకు మీదే. ఇప్పుడు ఇక్కడ కోత మిషన్లు బాగుచేస్తుంటాను. చర్చిల్ ఒక్కడే కనిపెట్టాడంటే నేను ఒప్పుకోను.

పిల్లలకి ఈ కథ బురద దగ్గర మొదలుపెట్టి చెప్పండి. సార్వా కోతలప్పుడు తుపాను పడితే టైర్ల మిషను చేలో దిగబడిపోతుంది, అందరూ చైను మిషను కోసం పరిగెడతారు. బరువంతా చైను పొడవునా పరుచుకుంటుంది కాబట్టి అది కూరుకుపోదు. 1904లో కాలిఫోర్నియాలో స్టాక్టన్ దగ్గర బెంజమిన్ హోల్ట్ చేసిందీ ఇదే. అదీ మనలాంటి డెల్టాయే, మెత్తటి నేల, ఆవిరి ట్రాక్టర్లు దిగబడిపోయేవి. వెనక చక్రాలు తీసేసి చెక్క పలకల గొలుసు వేశాడు. పదేళ్ల తర్వాత ఆ కంపెనీ ట్రాక్టర్లే ఫ్రాన్సులో బ్రిటిష్ ఫిరంగుల్ని లాగాయి. అక్కడ ముళ్లతీగ, మెషిన్‌గన్ను కలిసి కాల్బలాన్ని అడుగు కదలనివ్వడం లేదు. ఇలాంటి బండికి ఉక్కు రేకు తొడిగి ముళ్లతీగ మీదుగా నడిపిస్తే ఎలా ఉంటుందని ఎర్నెస్ట్ స్వింటన్ అనే అధికారి 1914లోనే అడిగాడు. సైన్యంలో పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. నౌకాదళం చూసే మంత్రి చర్చిల్ 1915 ఫిబ్రవరిలో దీని కోసం ఒక కమిటీ వేశాడు. ఆయన చేసిన మేలు అది, కాదనను.

బండి చేసింది మాత్రం ఇంగ్లండులో లింకన్ అనే ఊళ్లో నూర్పిడి మిషన్లు తయారుచేసే ఫాస్టర్ కంపెనీ. అక్కడి విలియం ట్రిట్టన్, ఆయనతో పాటు వాల్టర్ విల్సన్. 1915 సెప్టెంబరులో మొదటి బండి కదిలింది, దాన్నే తర్వాత లిటిల్ విల్లీ అన్నారు. దానికి షికాగో నుంచి తెప్పించిన చైన్లు వేశారు. కందకం మీదికి రాగానే చైను కిందికి వేలాడి చక్రాల మీంచి జారిపోయేది. ఇది చదివినప్పుడు నాకు రాజస్థాన్ ఇసుక గుర్తొచ్చింది. చైను దిగిన విజయంత పక్కన సమ్మెట, గునపం పట్టుకుని రాత్రంతా ఉన్నాం ఒకసారి. ట్రిట్టన్ ఉక్కు పలకల్ని లింకులకి రివిట్లతో బిగించి, లోపలి అంచులు ఫ్రేముని పట్టుకుని ఉండేలా చేశాడు. వేలాడడం ఆగిపోయింది. సెప్టెంబరు 22న లండన్‌కి టెలిగ్రాం కొట్టాడు. నన్నడిగితే ట్యాంకు పుట్టినరోజు అదే.

తర్వాత విల్సన్ ఆ చైనుని బండి చుట్టూ, కప్పు మీదుగా తిప్పాడు. ఎనిమిది అడుగుల కందకం దాటాలి, నాలుగున్నర అడుగుల గట్టు ఎక్కాలి, అందుకే ముక్కు అంత ఎత్తు. పైన ఫిరంగి పెడితే బండి ఒరిగిపోతుందని రెండు పక్కలా పెట్టారు. 1916 జనవరిలో నడిచిన ఆ బండి పేరు 'మదర్'.

సోషల్ టీచర్, నరసాపురం:

చాలా సంతోషం బాబాయ్ గారూ. చైను మిషను పోలిక మా పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది. లోపల మనుషులు ఎలా ఉండేవారో కూడా చెబుతారా? వాళ్లు తర్వాత అడిగేది అదే.

మాజీ ఈఎంఈ, భీమవరం:

ఆ మనుషుల్ని తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుందమ్మా. 28 టన్నుల బండి, ఎనిమిది మంది. 105 హార్స్‌పవర్ డైమ్లర్ ఇంజను వాళ్ల మధ్యలోనే ఉండేది, అడ్డంగా గోడ కూడా లేదు. వేడి 50 డిగ్రీలకి చేరేది, పొగ బయటికి పోదు. దిగాక వాంతులు చేసుకున్నవాళ్లు, స్పృహ తప్పినవాళ్లు ఎందరో. బయట గుళ్లు తగిలితే లోపల రేకు పెచ్చులు ముఖాల మీదికి ఎగిరేవి, దానికి ఇనుప వలల ముసుగులు ఇచ్చారు. వైర్‌లెస్ లేదు, కబురు పంపాలంటే పావురాలు.

నడపడానికే నలుగురు. డ్రైవరు, బ్రేకులు పట్టే అధికారి, వెనక ఒక్కో చైనుకి గేర్లు మార్చడానికి ఒక్కొక్కడు. ఆ మోతలో మాట వినపడదు. డ్రైవరు ఇంజను మూత మీద బాది సైగ చేస్తే వెనకవాళ్లు గేరు మార్చేవారు. పెట్రోలు ముందు భాగంలో ఉండి దానంతటదే కిందికి దిగాలి. కందకంలో బండి బాగా ఒరిగితే పెట్రోలు అందక ఇంజను ఆగిపోయేది, అదీ శత్రువు ఎదురుగా.

1916 సెప్టెంబరు 15న సోమ్ యుద్ధంలో, ఫ్లేర్ అనే ఊరి దగ్గర మొదటిసారి దించారు. 49 సిద్ధం చేస్తే బయల్దేరాల్సిన చోటికి చేరినవి 32. మిగతావి దారిలో చెడిపోయాయి, దిగబడ్డాయి. అయినా సేనాధిపతి హేగ్ ఇంకో వెయ్యి కావాలన్నాడు.

నలుగురి పనిని ఒక్కడికి తెచ్చింది మళ్లీ విల్సనే. 1918లో వచ్చిన మార్క్ 5కి ఆయన ఎపిసైక్లిక్ గేర్లు (నడిమి పళ్లచక్రం చుట్టూ చిన్న పళ్లచక్రాలు తిరిగే రకం) వేశాడు, డ్రైవరు ఒక్కడే బండిని తిప్పగలిగాడు. మా విజయంత గేర్‌బాక్సు టీఎన్ 12 కూడా విల్సన్ పద్ధతిదే. ఎన్నిసార్లు విప్పి బిగించానో లెక్కలేదు, ఆయనెవరో తెలియకుండానే. రిటైరయ్యాక తెలిసింది. ఆ రోజు చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

గుర్రపు డెక్క:

ఫ్రెంచివాళ్లని మరిచిపోకండి. ఈనాటి ట్యాంకు రూపం వాళ్ల రెనో ఎఫ్‌టీదే. ఇద్దరు మనుషులు, చుట్టూ తిరిగే బురుజు, వెనక ఇంజను. అలాంటివి 3,000 పైగా చేశారు. జర్మనీ చేసిన ఏ7వీలు 20 మాత్రమే. 1918 ఏప్రిల్ 24న విలేర్-బ్రెటన్నో దగ్గర ట్యాంకూ ట్యాంకూ మొదటిసారి ఎదురుపడ్డాయి.

మనవాళ్ల ముచ్చట కూడా ఒకటుంది. 1917 నవంబరు 20న ఫ్రాన్సులోని కాంబ్రేలో 470కి పైగా బ్రిటిష్ ట్యాంకులు కందకాల్లో పుల్లల మోపులు పడేసుకుంటూ ఒక్కసారిగా దాటాయి. పది రోజులకి జర్మన్లు తిరిగి విరుచుకుపడ్డారు. అప్పుడు, డిసెంబరు 1న, భారత అశ్వికదళంలో లాన్స్ దఫేదార్ గోవింద్ సింగ్ ఆరుబయట కాల్పుల మధ్య మూడుసార్లు కబురు మోశాడు. మూడుసార్లూ గుర్రం చచ్చిపోయింది, మిగతా దూరం కాలినడకన వెళ్లాడు. బ్రిటిష్‌వాళ్ల అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. అంత పెద్ద ట్యాంకుల యుద్ధంలోనూ కబురు మోసింది గుర్రమే.

మాజీ ఈఎంఈ, భీమవరం:

గోవింద్ సింగ్ సంగతి గుర్తుచేసినందుకు దండం బాబూ. టీచరు గారూ, మా షెడ్డులో ఒక చైను మిషను ఓవరాలింగ్‌కి వచ్చి ఉంది. చైను పూర్తిగా విప్పి నేల మీద పరిచాం. శనివారం దాకా బిగించను. పిల్లల్ని తీసుకురాగలిగితే ఒక్కో పలకా చేతికిచ్చి చూపిస్తాను.

సోషల్ టీచర్, నరసాపురం:

తప్పకుండా బాబాయ్ గారూ. హెచ్‌ఎం గారితో మాట్లాడాను, శనివారం మధ్యాహ్నం బయల్దేరతాం. ఆ పిల్లని ముందు వరసలో నిలబెడతాను.