బబుల్ టిప్ ఎనిమోన్ తెల్లబడుతోంది, రాయి వదిలి తిరుగుతోంది (నల్లగొండ, 100 లీటర్ల ట్యాంకు)

నల్లగొండ_నారింజ:
అన్నలందరికీ నమస్తే. 100 లీటర్ల ఉప్పునీళ్ల ట్యాంకు, మొదలుపెట్టి మూడు నెలలు. 10 కిలోల డ్రై రాక్ (ఎండు రాయి), స్కిమ్మర్ (నురగతోని మురికి తీసేది), ఒక వేవ్‌మేకర్ (నీళ్లను కదిలించే పంపు), రెండు ఒసెల్లారిస్ రకం క్లౌన్ ఫిష్‌లు. బబుల్ టిప్ ఎనిమోన్ (పువ్వులెక్క ఉండే సముద్రపు జంతువు) వచ్చి మూడు వారాలు. వచ్చినప్పుడు గోధుమ రంగుల ఉండె, ఇప్పుడు తెల్లగా పాలిపోయింది. రెండు రోజుల నుంచి అద్దం మీద పాకుతోంది, నోరు కొంచెం తెరిచే ఉంటోంది.

టెంపరేచర్ పొద్దున 28, సాయంత్రం 31.5. ఉప్పు (నీళ్ల సాంద్రత లెక్కన) 1.025, నీళ్లు పోసే ముందు చూస్తే 1.027 (మూడు రోజులకోసారి పోస్తున్న). అమ్మోనియా 0, నైట్రేట్ 25, ఆల్కలినిటీ 9. నీళ్లు మా బోరువి, టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 1100, వంటింటి ఆర్వో నుంచి 70 వస్తోంది. లైటు 18 వాట్ల తెల్ల ఎల్ఈడీ. రోజు విడిచి రోజు రొయ్య పెడుతున్న, రాత్రికి కక్కేస్తోంది.

మా దిక్కు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువ కదా, దాని వల్లనా? దీన్ని పీకి మళ్లీ రాయి మీద పెట్టాలా?

ఉప్పునీళ్లు_మిర్యాలగూడ:
పీకొద్దు. పాదం చిరిగితే ఆ గాయంలోంచే కుళ్లు మొదలవుతుంది.

ఫ్లోరైడ్ సంగతి. సముద్రపు నీటిలోనే సహజంగా లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మర్రిగూడ, మునుగోడు వైపు బోర్లలో అంతకు మించి ఉండే మాట నిజమే, కానీ ఆర్వోలో నీళ్లను వడకట్టే పొర, అంటే మెంబ్రేన్, మంచిదైతే చాలామటుకు ఆపేస్తుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతి నీళ్లు తాగడానికి సరే, ట్యాంకుకు పనికిరావు. అందులో టీడీఎస్ తగ్గదు, పైగా సల్ఫేటు, కాస్త అల్యూమినియం మిగులుతాయి.

నా అనుమానం మీ వంటింటి ఆర్వో మీదే. 1100కి 70 అంటే ఆరు శాతం పైనే. బాగున్న మెంబ్రేన్ అయితే 25–50 మధ్య రావాలి. అంటే మెంబ్రేన్ పాతబడి ఉండాలి, లేదా టీడీఎస్ కంట్రోలర్ తెరిచి ఉండాలి. రుచి కోసం ఆ స్క్రూ పచ్చి బోరు నీళ్లను కొంత కలుపుతుంది, బోరులోని నైట్రేట్ కూడా దాంతోనే వస్తుంది. ఇంకోటి, మీది కాపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మోడలేమో ఇవాళే చూడండి. మనిషికి మంచిదని అమ్మే ఆ రాగి ఎనిమోన్‌కు, రొయ్యలకు, నత్తలకు విషం.

చేయాల్సింది ఇదీ. మెంబ్రేన్ నుంచి వచ్చే సన్న పైపు దగ్గర, అంటే కాపర్, మినరల్ కార్ట్రిడ్జ్‌లకూ స్టోరేజీ ట్యాంకుకూ ముందే, ఒక టీ జాయింట్ వేయండి. దానికి డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను కూడా పట్టేసే గుళికలు) నింపిన క్యానిస్టర్ తగిలించి, నీళ్లు నేరుగా ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ డ్రమ్ములోకి పట్టండి. కంట్రోలర్ కూడా టీకి ముందే కలిపే రకమైతే స్క్రూ పూర్తిగా బిగించాలి. దారిలో ఇత్తడి నాజిల్ ఒక్కటి కూడా ఉండకూడదు. మీటరులో 0 రావాలి, 2 దాటితే రెసిన్ మార్చాలి. బోరు నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువుంటే రెసిన్ తొందరగా అయిపోతుంది. అలాంటప్పుడు ఆర్వో నీళ్లను ముందు డ్రమ్ములో పట్టి, ఒక రోజంతా ఎయిర్ స్టోన్ పెట్టి, ఆ తర్వాత రెసిన్ గుండా పంపండి. మిషన్ భగీరథ నల్లా వస్తుంటే బోరు కన్నా అదే మేలు, టీడీఎస్ తక్కువ. క్లోరిన్ ఉంటుంది కాబట్టి కార్బన్ ఫిల్టర్ మాత్రం టైముకు మార్చాలి, లేకపోతే మెంబ్రేన్ పాడవుతుంది.

20 లీటర్లకు మెరైన్ సాల్ట్ 720–750 గ్రాములు పడుతుంది. బకెట్లో ముందు నీళ్లు, తర్వాత ఉప్పు. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం తెల్లగా పేరుకుపోతుంది. మీ రిఫ్రాక్టోమీటర్‌ను (ఉప్పు కొలిచే మీటరు) మామూలు నీళ్లతో సున్నాకు పెట్టి వదిలేసి ఉంటే ఆ 1.025ను నమ్మలేం. అయోడిన్ లేని మామూలు ఉప్పు 36.5 గ్రాములు, సున్నా టీడీఎస్ నీళ్లు 963.5 గ్రాములు తూచి కలపండి. ఆ ద్రావణం 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు), అంటే 1.026 చూపించాలి. ఇది మీటరు సరిచేయడానికే, ట్యాంకులో పోసేరు!

పాలమూరు_రీఫ్:
నీళ్ల సంగతి అన్న జెప్పిండు. నన్నడిగితే దాన్ని తెల్లగ జేసింది 31.5 డిగ్రీలే. ఎనిమోన్ ఒంట్ల ఉండే గోధుమ రంగు ఆల్గేనే (నాచు లాంటిది) దానికి చానామటుకు తిండి పెడ్తది. వేడి ఎక్కువైతే ఆ ఆల్గేను బయటికి నెట్టేస్తది. ఇంక రంగేడుంటది?

25–26 దగ్గర నిలబెట్టాలె. పొద్దటికి మాపటికి తేడా ఒక డిగ్రీ దాటొద్దు. అట్లని ఒక్కసారే దించకు, రోజుకు ఒకటి, మహా అంటే ఒకటిన్నర. మూత తీసి, నీళ్ల మీదికి ఏటవాలుగ చిన్న ఫ్యాన్ పెట్టు. ఏప్రిల్, మే నెలల మన దగ్గర గాలి పొడిగ ఉంటది కాబట్టి ఫ్యానుకే రెండు నుంచి నాలుగు డిగ్రీలు దిగుతది. వానలు పడంగనే ఆ ఉపాయం పారదు, తేమకు నీళ్లు ఆవిరి గావు. రూముల 38 ఉంటే మాత్రం ఫ్యానుతోని 26 కాదు. ఏసీ రూమన్న ఉండాలె, చిల్లర్ (నీళ్లను సల్లబరిచే మిషన్) అన్న కొనాలె. 100 లీటర్లకు 1/10 హెచ్‌పీది సాలు. చిల్లర్‌ను స్టాండు కింద కప్‌బోర్డుల పెట్టి తలుపేస్తరు కొందరు. అది ఊదిన వేడిగాలినే మళ్ల అదే పీల్చుకుంటది, కరెంటు బిల్లు తప్ప ఇంకేం మిగలదు.

ఫ్యాను పెడితే రోజుకు మూడు లీటర్లు ఆవిరైనా ఆశ్చర్యం లేదు. పోయేది నీళ్లే, ఉప్పు ఆడ్నే ఉంటది. మూడు రోజులకు తొమ్మిది లీటర్లు పోతే 35 పీపీటీ కాస్త 38 అయితది. నువ్వు జెప్పిన 1.027 అట్లొచ్చిందే. తగ్గిన నీళ్లు దానంతటదే నింపే ఫ్లోట్ వాల్వ్ గాని ఆటో టాప్ ఆఫ్ గాని పెట్టు. అది లేనప్పుడు పొద్దున, మాపటికి నీళ్లు పొయ్యి. పోసేది ఉప్పు కలపని డీఐ నీళ్లే.

ఇంక అత్యవసరమైతే లీటరు సీసల డీఐ నీళ్లే నింపి గడ్డకట్టించి ట్యాంకుల తేలెయ్యి. 100 లీటర్లకు ఒక సీస దాదాపు ఒక డిగ్రీ దించుతది. సీస పగిలినా భయం లేదు.

నల్లగొండ_నారింజ:
అన్నా, చూసిన. కాపర్ మోడలే. స్క్రూ కూడా సగం తెరిచే ఉంది. ఇప్పుడు నీళ్లు మొత్తం మార్చాలా? తిండి సంగతి?

టెంటకిల్స్:
మొత్తం మార్చకండి. డీఐ నీళ్లు చేతికి వచ్చాక మూడు రోజులకోసారి 10–15 లీటర్లు, అదే ఉప్పు, అదే వేడి ఉన్న నీళ్లతో. అప్పటిదాకా ఫిల్టర్లో రాగిని పట్టే రెసిన్ లేదా పాలీ ఫిల్టర్ (రాగిని పీల్చే మెత్త) పెట్టండి, యాక్టివేటెడ్ కార్బన్ ఒక్కటే సరిపోదు. నైట్రేట్ 5–10కి వస్తే చాలు, సున్నా చేయాలని పట్టుబట్టొద్దు.

నోరు తెరిచి ఉన్నంత కాలం తిండి ఆపండి. మీరు పెట్టేది ఎక్కువ, అది అరిగించుకోలేక కక్కుతోంది. నోరు గట్టిగా మూసుకుని, దాని తీగల కొసలు చేతికి అంటుకునేటప్పుడు మళ్లీ మొదలుపెట్టండి. శనగగింజంత పచ్చి రొయ్య ముక్క, వారానికి రెండుసార్లు. మార్కెట్లో ఉప్పు, పసుపు పట్టించి ఇస్తే అది వద్దు. తెల్లబడిన జంతువుకు మైసిస్ (చిన్న రొయ్యల్లాంటివి) ఇంకా సులువు. ముక్క పెట్టాక క్లౌన్లు లాక్కోకుండా పావుగంట పైన జాలీ గిన్నె బోర్లించండి. ఆ క్లౌన్లు దాంట్లో దూరి రుద్దుతుంటే కోలుకునేదాకా జాలీ అడ్డం పెట్టి వేరుగా ఉంచండి. ప్రకృతిలో ఒసెల్లారిస్ బబుల్ టిప్‌లో ఉండదు, ట్యాంకులో మాత్రం వేరే దిక్కు లేక దూరుతుంది.

18 వాట్ల తెల్ల లైటు దీనికి చాలదు. నీలం ఎక్కువున్న రీఫ్ ఎల్ఈడీ కావాలి, జంతువు కూర్చునే చోట పార్ (ఆల్గేకు పనికొచ్చే వెలుతురు కొలత) 150–250. ఇప్పుడు తెల్లబడి ఉంది కాబట్టి 80–100తో మొదలుపెట్టి నాలుగైదు వారాల్లో పెంచండి, రోజుకు 8–9 గంటలు. కొత్త లైటు మొదటి రోజే పూర్తిగా వేస్తే అది రాయి కిందికి దూరుతుంది.

నిజానికి మూడు నెలల ట్యాంకులో ఎనిమోన్ తొందరే. ఆరు నెలలు, వీలైతే ఏడాది ఆగాలి. పక్కన ఎవరి దగ్గరైనా పాత రీఫ్ ట్యాంకు ఉంటే అక్కడ పెట్టించడం మంచిది. అలా ఇవ్వాల్సి వస్తే రాయితో సహా ఇవ్వండి. అద్దం మీదే ఉంటే సంచిలో చుట్టిన ఐసు ముక్కను బయటివైపు పాదం దగ్గర పెట్టండి, అదే వదులుతుంది.

పాలమూరు_రీఫ్:
అయ్యో, అన్నిటికంటే ముందు జెప్పాల్సింది మరిచిన. తిరిగే ఎనిమోన్ ఉన్నప్పుడు వేవ్‌మేకర్ జాలీకి స్పాంజి తొడుగు ఈ రాత్రికే. అండ్ల బడితే ముక్కలైతది, పొద్దటికి ట్యాంకంత విషం. స్పాంజి రెండు రోజులకోసారి కడుగు. కరెంటు పోతే చిల్లర్ కన్నా ముందు వేవ్‌మేకర్, ఎయిర్ పంపు ఇన్వర్టర్ మీద ఉండాలె. గంటసేపట్ల వేడి అంతగా ఎక్కదు, కదలిక ఆగితే ఆక్సిజన్ ముందు పోతది.

టెంటకిల్స్:
అవును. ఇంకోటి: కొన్ని గంటలు ముడుచుకుని గోధుమ రంగు చెత్త వదిలితే అది మామూలే, ముట్టుకోకండి. ఒక రోజంతా నీరుగారి, నోరు బయటికి తిరిగి, చేపలు కుళ్లిన వాసన వస్తే వెంటనే తీసేయండి. ఆ రోజే 40 లీటర్లు మార్చి కొత్త కార్బన్ వేయండి, లేకపోతే క్లౌన్లు కూడా పోతాయి.