పిల్లలు, పెద్దవాళ్లు కలిసి చేసే మ్యూజియం వర్క్‌షాప్: ముద్రణ పని ఎలా పంచాలి?

కొత్తవాలంటీరు
నమస్కారమండి. మ్యూజియం తరఫున ఒక కమ్యూనిటీ హాల్లో గంటన్నర వర్క్‌షాప్ పెట్టబోతున్నాం. మొత్తం 16 మంది. సగం మంది 7 నుంచి 11 ఏళ్ల పిల్లలు, సగం మంది 60 దాటినవాళ్లు. ఇద్దరు వీల్‌చైర్ వాడతారు, ఒకరికి వినికిడి యంత్రం ఉంది, ఒకరికి డిమెన్షియా (మతిమరుపు వ్యాధి) తొలిదశ, ఒక బాబుకి ఆటిజం. నాతో ఇద్దరు సహాయకులు ఉంటారు. ముట్టుకోవడానికి అనుమతి ఉన్న వస్తువులు కొన్ని తీసుకెళ్లొచ్చు. వాటిని చూసి బొమ్మ గీసి, అచ్చు వేయించాలని ఆలోచన. నా భయమల్లా ఒకటే. పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్లు కాగితాలు అందిస్తూ కూర్చుండిపోతారేమోనని. లేదా పెద్దవాళ్లే పిల్లల చేతిలోంచి లాక్కుని "ఇలా చెయ్యి" అంటారేమోనని.

అచ్చుబల్ల
ముద్రణ మంచి ఎంపికే. లినోలియం (ఉలితో చెక్కి అచ్చు తీసే షీటు) జోలికి మాత్రం పోకండి. ఉలిని గట్టిగా నెట్టాలి కాబట్టి కీళ్లనొప్పులున్న చేతికీ, ఏడేళ్ల చేతికీ అది కుదరదు. జారిందంటే వేలు తెగుతుంది. మెత్తటి ప్రింటింగ్ ఫోమ్ తీసుకోండి, మొద్దుబారిన పెన్సిల్‌తో నొక్కితే చాలు, గాడి పడుతుంది.

మీ భయానికి మందు పనిని పంచే తీరులో ఉంది. ఇద్దరికీ కలిపి ఒకే ముక్క ఇస్తే చురుకైన చెయ్యే దాన్ని పట్టేస్తుంది. అందుకని ఎవరి ఏ6 (ఏ4 కాగితంలో నాలుగోవంతు) ముక్క వాళ్లకి ఇవ్వండి. తర్వాత జంటలో రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి, ఒకే ఏ5 కాగితం మీద అచ్చు తీయాలి. షరతు ఒక్కటే: కలిసే అంచు దగ్గర ఇద్దరి గీతలూ అతకాలి. దీనికోసం రెండు అంచుల మీదా ఒకే ఎత్తులో మూడేసి చుక్కలు మీరే ముందుగా పెట్టి ఉంచండి. "నీ గీత ఇక్కడికి వస్తోందా?" అని ఒకరినొకరు అడగక తప్పదు, కాబట్టి మాటలు వాటంతటవే మొదలవుతాయి. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి, అయినా అతుకు చెడదు. అక్షరాలు మాత్రం తిరగబడతాయి. ఎవరైనా పేరు రాయబోతే ఆ సంగతి ముందే చెప్పాలి, అచ్చు తీశాక చెబితే పిల్లలు ఏడుస్తారు.

ఇంకు విషయం. నీటితో కడిగితే పోయే బ్లాక్ ప్రింటింగ్ ఇంకు వాడండి. పోస్టర్ రంగు పల్చగా ఉండి గాడుల్లోకి దిగిపోతుంది, గీతలు మూసుకుపోతాయి. ప్లాస్టిక్ పలక మీద ఒక టీస్పూను ఇంకు వేసి, సన్నగా పరుచుకుని చిటచిటమనే చప్పుడు వచ్చేదాకా రోలర్ తిప్పాలి, తర్వాత దాంతోనే ఫోమ్ ముక్క మీద పూయాలి. చప్పుడు లేకుండా జారుతోందంటే ఇంకు ఎక్కువైందన్నమాట. అచ్చులో తెల్ల మచ్చలు వస్తే ఇంకైనా తక్కువ, ఒత్తిడైనా తక్కువ. ఈ ఇంకు కొన్ని నిమిషాల్లోనే ఆరిపోతుంది కాబట్టి ఆ బల్ల దగ్గర ఫ్యాను ఆపేయండి.

నాలుగు పలకలు, నాలుగు రోలర్లు, 24 ఫోమ్ ముక్కలు (కొన్ని పాడవుతాయి), కాగితం చదరపు మీటరుకి 100 గ్రాములకి అటూ ఇటూ. దళసరి వాటర్‌కలర్ కాగితం చేతి ఒత్తిడికి ఇంకు సరిగా పట్టదు. పెన్సిళ్లకి లావుపాటి ఫోమ్ గొట్టం తొడిగితే పట్టు దొరుకుతుంది, అలాంటివి అందరికీ ఇవ్వండి. "ఇది మీకోసం ప్రత్యేకం" అని ఒకరి చేతిలో పెట్టడం నాకు నచ్చదు.

కాటలాగుకార్డు
వస్తువుల గురించి రెండు మాటలు. ఇంకు పలకలు, నీళ్లు ఉన్న బల్ల మీదికి వస్తువులు రాకూడదు. ముందు చూడటం, తర్వాత వస్తువులు పెట్టెలో పెట్టేయడం, ఆ తర్వాతే ఇంకు తెరవడం. నాలుగు వస్తువులు చాలు, జంటకి ఒకటి చొప్పున ఎనిమిది అక్కర్లేదు. మెత్త పరిచిన ట్రేలో ఉంచి, బల్లకి దగ్గరగా, రెండు చేతులతో పట్టుకోమనండి. ఉంగరాలు, గాజులు తీయించండి. నూలు గ్లోవ్స్ జారతాయి, స్పర్శ కూడా తెలియదు. మట్టి, రాయి వస్తువులకి కడిగి ఆరిన చేతులే మేలు. లోహానికి, ఫోటోలకి మాత్రం నైట్రైల్ (పల్చటి సింథటిక్ రబ్బరు) గ్లోవ్స్. చేతి ఉప్పు లోహాన్ని తినేస్తుంది.

పాత స్టఫ్డ్ పక్షులు, జంతువులు పిల్లలకి ఎంత ఇష్టమైనా తీసుకెళ్లొద్దు. ఒకప్పుడు వాటి చర్మానికి ఆర్సెనిక్ పట్టించేవారు. పరీక్ష చేయించనిదాన్ని విషం ఉన్నట్టే లెక్కేయాలి.

గడపదాటి
అచ్చుబల్ల గారితో చాలావరకు ఏకీభవిస్తాను. జంటల విషయంలో ఒక్కటి కలుపుతాను. సొంత మనవడినీ తాతగారినీ ఒక జంటగా వేస్తే ఇంట్లో నడిచే తీరే ఇక్కడా నడుస్తుంది, సరిదిద్దడాలు ఎక్కువవుతాయి. తెలియనివాళ్లని కలపడం మేలు. డిమెన్షియా ఉన్నవారికీ, ఆటిజం ఉన్న బాబుకీ మాత్రం వాళ్లకి అలవాటైన మనిషి చేయి చాచితే అందేంత దగ్గర్లో ఉండాలి. పెద్దవాళ్లెవరూ ఒక పిల్లవాడితో ఒంటరిగా పక్క గదిలో ఉండకుండా చూసుకోవడం మీ సహాయకుల పని.

"ఇదేమిటో గుర్తుందా?" అనొద్దు. అది పరీక్ష, మరిచిపోయేవాళ్లకి అందులో తప్పడం తప్ప ఏమీ ఉండదు. విజువల్ థింకింగ్ స్ట్రాటజీస్ అని ఫిలిప్ యెనవైన్, అబిగేల్ హౌసెన్ రూపొందించిన పద్ధతి ఉంది. అందులో ప్రశ్నలు మూడే: ఇక్కడ ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అనిపించింది? ఇంకేం కనిపిస్తోంది? బొమ్మల కోసం పుట్టిన ప్రశ్నలు కదా, వస్తువైతే మొదటిదాన్ని "దీంతో ఎవరు ఏం చేసి ఉంటారు?" అని మార్చుకోండి. ఏడేళ్లవాడి ఊహకీ, డెబ్బై ఏళ్లావిడ ఊహకీ ఇక్కడ సమాన మర్యాద.

హాల్లో బల్ల కింద మోకాళ్లకి 70 సెం.మీ. ఎత్తు ఖాళీ, వీల్‌చైర్ తిరగడానికి 150 సెం.మీ. వెడల్పు చోటు ఉండాలి. వెలుగు సంగతి అందరూ మరిచిపోతారు. 60 ఏళ్ల కంటికి 20 ఏళ్ల కంటితో పోలిస్తే సుమారు మూడోవంతు వెలుగే లోపలికి చేరుతుంది. గ్యాలరీల్లో కాగితం, వస్త్రాల దగ్గర పాటించే 50 లక్స్ (లక్స్ అంటే వెలుగు కొలత) వెలుగులో గీయమంటే వాళ్లకి గీత కనబడదు. పని చేసే బల్ల మీద 500 లక్స్ ఉండేలా దీపాలు పెట్టండి. మీరు కిటికీకి వీపు పెట్టి నిలబడొద్దు. పెదాలు చూసి అర్థం చేసుకునేవాళ్లకి మీ ముఖం నీడలో పడుతుంది. చేసి చూపిస్తూ మాట్లాడకండి. చూపించాక తలెత్తి చెప్పండి.

కొత్తవాలంటీరు
చాలా ఉపయోగం. ఇంకు చేతికి అంటడమే ఆ బాబుకి పడదట. సమయం ఎలా విడగొట్టాలి?

అచ్చుబల్ల
అతనికి ఇంకు ముట్టుకోవాల్సిన పని లేదు. ముక్క మీద అతను గీస్తాడు, ఇంకు జంటలోని పెద్దవారు పూస్తారు, కాగితం వెనకవైపు నుంచి చెంచాతో రుద్దడం అతని వంతు. జరగబోయేవి ఆరు బొమ్మల్లో గీసి గోడకి అంటించి, అయినదల్లా తీసేస్తూ ఉండండి. ఎప్పుడైనా వెళ్లి కూర్చోగల ప్రశాంతమైన మూల ఒకటి చూపించి ఉంచండి.

సమయం: రాక, పరిచయం 10 నిమిషాలు, వస్తువులు 20, గీయడం 20, విరామం 10, అచ్చు 20, చూసుకోవడం 10. విరామం తగ్గించొద్దు, పెద్దవాళ్లకి టాయిలెట్ దాకా వెళ్లి రావడానికే అది సరిపోతుంది. జంటకి కనీసం మూడు అచ్చులు తీయించండి. మొదటిది ఎప్పుడూ మసకగా వస్తుంది, మిగతా రెండూ ఇద్దరూ చెరొకటి తీసుకెళ్తారు. పేర్లు అచ్చు వేయకముందే కాగితం వెనక పెన్సిల్‌తో రాయించండి. తడి అచ్చుల కుప్పలో ఎవరిది ఏదో తేలదు.

గడపదాటి
ఫోటోల అనుమతి పత్రాలు లోపలికి వచ్చేటప్పుడే తీసుకోండి, పిల్లలకైతే తల్లిదండ్రుల సంతకం. ఆ పత్రాల్లో అక్షరాల సైజు 18 పాయింట్లకి తగ్గకుండా అచ్చు వేయించండి. ఫోటో వద్దన్నవాళ్లకి బట్టల మీద ఒక రంగు స్టిక్కర్ అంటిస్తే ఫోటో తీసే మనిషికి దూరం నుంచే తెలుస్తుంది.