ఎల్, లా, లోస్, లాస్‌తో మొదలయ్యే ప్రసిద్ధ పేర్లు ఇంకేమున్నాయి?

నమస్కారమండీ. ఆదివారం మా కాలనీ పిల్లలకి క్విజ్ పెడుతున్నాను. ఒక రౌండంతా ఇంగ్లిష్ ‘ది’ లాంటి స్పానిష్ మాటలు ‘ఎల్, లా, లోస్, లాస్’తో మొదలయ్యే పేర్ల మీదే.

మొదటి కార్డు ఎల్ నినో. వానలు ముఖం చాటేసిన ఏడాది పేపర్లలో తరచూ కనిపించే మాట కదా. క్రిస్మస్ రోజుల్లో సముద్రం వేడెక్కడం చూసి పెరూ జాలర్లు బాలయేసు పేరు పెట్టారట, నాకెంతో నచ్చింది. లాస్ వేగాస్ అంటే పచ్చిక బయళ్లని చెబితే మా పాప నమ్మలేదు, ఫోన్‌లో ఎడారి ఫొటో తీసి నా ముందు పెట్టింది! మిలాన్‌లోని ఒపెరా థియేటర్ లా స్కాలా కార్డు చింపేశాను, అది ఇటాలియన్.

ఎల్ గ్రెకో దగ్గర ఆగిపోయాను. 1541లో క్రీట్ దీవిలో పుట్టి, 1614లో స్పెయిన్‌లోని టొలెడోలో కన్నుమూసిన చిత్రకారుడు. ‘ఎల్’ స్పానిషే, కానీ ‘గ్రీకువాడు’ అని అర్థమిచ్చే ‘గ్రెకో’ ఇటాలియన్ మాట. స్పానిష్‌లో ‘గ్రియేగో’ అనాలి. ఈ పేరు లెక్కలోకి తీసుకోవచ్చా?

ఇంకొకటి. ‘లా’తో స్త్రీల పేర్లు కావాలి. స్పెయిన్ అంతర్యుద్ధ కాలపు కమ్యూనిస్టు నాయకురాలు డొలోరెస్ ఇబారూరికి ‘లా పాసియొనారియా’ అని పేరు. అదొక్కటే దొరికింది. ఆడపిల్లలే ఎక్కువమంది వస్తున్నారు, ఇంకో రెండు చెప్పి పుణ్యం కట్టుకోండి.