పాత దంతపు నెత్సుకే కొనొచ్చా, కూడదా?

టోక్యో_తెలుగోడు
ఇక్కడ పాత సామాన్ల సంతలో రెండు నెత్సుకేలు కనిపించాయి. తెలియనివాళ్ల కోసం: కిమోనోకి జేబులుండవు కాబట్టి పొగాకు సంచీ, మందుల డబ్బా తాడుతో నడుముకి వేలాడదీసుకునేవాళ్లు. తాడు జారిపోకుండా నడికట్టు పైన ఆనే చిన్న బొమ్మే నెత్సుకే. నేను చూసినవాటిలో ఒకటి బాక్స్‌వుడ్ అనే గట్టి కర్రతో చేసిన కప్ప. రెండోది దంతంతో చేసిన కరాకో, అంటే చైనా పిల్లాడు, చేతిలో డోలు. వాడి ఒక బుగ్గ అరిగి నున్నగా అయిపోయింది. మనసంతా వాడి మీదే ఉంది. వచ్చే ఏడాది హైదరాబాద్ వచ్చేస్తున్నాను. కొననా?

పాతబంగారం
ఆలోచించకుండా కొనేయండి. ఆ ఏనుగు ఎప్పుడో పోయింది, మీరు వద్దన్నంత మాత్రాన లేచి రాదు. మేజీ కాలంలో, అంటే పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, జపాన్‌వాళ్లు కోటూ ప్యాంటూ, సిగరెట్టూ అలవాటు చేసుకున్నాక వీటితో పని లేకుండా పోయింది. విదేశీయులు కొనబట్టే ఎన్నో మిగిలాయి. టోక్యోలో లాయరుగా ఉన్న రేమండ్ బుషెల్ కూడబెట్టినవే ఇప్పుడు లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంలో ఉన్నాయి.

అడవిమల్లి
ఎప్పుడో పోయిందని మీకెవరు చెప్పారు, అమ్మేవాడేనా? కొత్త దంతానికి టీ డికాషన్ పట్టిస్తే పాత రంగు వచ్చేస్తుంది. సంతకం చూసి నమ్ముదామా అంటే, క్యోటో శిల్పి తొమొతదా చెక్కిన ఎద్దులకు నకిలీలు వస్తున్నాయని 1781లోనే ఇనాబా త్సూర్యూ తన పుస్తకంలో రాశాడు. పాతదాని అమ్మకం తెరిచి ఉన్నంతకాలం కొత్తది దాని చాటున దూరుతూనే ఉంటుంది. నా అభ్యంతరం బొమ్మ మీద కాదు, ఈ చాటు మీద.

పాతబంగారం
అలాగైతే సాలార్ జంగ్ మ్యూజియంలో టిప్పు సుల్తాన్‌వని చెప్పే దంతపు కుర్చీలు కూడా తీసేయాలేమో! ఒసాకా శిల్పి కైగ్యోకుసాయ్ చెక్కిన జంతువుల్ని ఒక్కసారి తిరగేసి చూడండి మేడమ్. ఎవరికీ కనపడని అడుగుభాగంలో కూడా పాదాలన్నీ పూర్తిగా చెక్కి ఉంటాయి. కాళ్ల మధ్య సందునే తాడు దూరే దారిగా వాడుకున్నాడాయన. దంతం అన్న ఒక్క కారణంతో దాన్ని అంటరానిది చేస్తారా?

అడవిమల్లి
మ్యూజియం దాన్ని మళ్లీ అమ్మదు కదండీ. తేడా అక్కడే ఉంది.

లా_పాయింట్
ఇద్దరూ కాస్త ఆగండి. జపాన్ లోపల దంతం అమ్మకం ఇప్పటికీ చట్టబద్ధమే, నమోదైన వ్యాపారి అయితే చాలు. కానీ పర్మిట్ లేకుండా దేశం దాటించడం నేరం. మన దగ్గర మరీ గట్టి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో, 1991లో చేసిన సవరణలతో దేశీ దంతం, ఆఫ్రికా దంతం రెండింటి వ్యాపారమూ ఆగిపోయింది. వందేళ్ల నాటిది అంటే కుదరదు. వేల ఏళ్ల కిందట అంతరించిన మామత్ అనే ఏనుగు జాతి దంతం కూడా నిషేధం కిందికే వస్తుందని 2003లో సుప్రీంకోర్టు తేల్చేసింది. బ్రిటన్‌లో 2022 నుంచి అమలవుతున్న చట్టం 1918కి ముందు చేసిన, అసాధారణ కళా విలువ ఉన్నవాటికి సర్టిఫికెట్ ఇస్తుంది. సంతలో దొరికే పిల్లాడికి అది రావడం కష్టం. తమ్ముడూ, శంషాబాద్‌లో దిగాక సూట్‌కేసు గురించి టెన్షన్ పడుతూ నిలబడటం అవసరమా?

కర్రపని
నన్నడిగితే జంతువుల్లో మంచివి కర్రలోనే ఉన్నాయి. నగోయా శిల్పి ఇక్కాన్ ఎలుకలు, ఇసే ప్రాంతపు యమదా ఊరి శిల్పి మసనావో కప్పలు, అన్నీ బాక్స్‌వుడ్. కప్ప వీపు మీది బొడిపెలు వేలికి తగులుతుంటే దంతంలో ఆ గరుకు రాదనిపిస్తుంది. కొనేముందు బొమ్మను బోర్లించి తాడు రంధ్రాలు చూడండి. ముడి లోపల దాక్కోవాలి కాబట్టి చాలావాటిలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నిజంగా వాడినదైతే తాడు లాగిన వైపు అంచు అరిగి ఉంటుంది. అంచు పదునుగా ఉండి పైన మాత్రం ముదురు రంగుంటే ఆలోచించుకోండి. రెండు సగాలు కలిసినట్టు సన్నటి గీత కనిపిస్తే అది అచ్చులో పోసిన రెజిన్, ప్లాస్టిక్ లాంటిది. ఇంకోటి, అరుగుదల చూసి మోసపోవద్దు. బుగ్గ ఒక్కటే నున్నగా ఉండి, దాని పక్కనే ముక్కు పదునుగా ఉండటం నాకు నచ్చదు.

టోక్యో_తెలుగోడు
ఫోటో తీసిపెట్టుకున్నాను, ఇప్పుడే పెద్దది చేసి చూశా. ముక్కు పదునుగానే ఉంది. వ్యాపారి నమోదు గురించి అడగనేలేదు.

పాతబంగారం
ఒక్క ఫోటో చూసి తీర్పు చెప్పేస్తారా? మీరు వదిలేస్తే రేపు ఇంకొకరు కొనుక్కుపోతారు, అంతే.

అడవిమల్లి
కొననివ్వండి. ఎవరో ఒకరు కొంటారని మనమే కొనేస్తే అమ్మేవాడు రేపు ఇంకొకటి తెచ్చిపెడతాడు.