పారగమ్యతా, ఇంకుదలా?

ప్రశ్న:
పాలిమర్ పొరల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. సర్ఫాక్టెంట్ అనే సబ్బులాంటి పదార్థం కలిపితే పొర పర్మియబిలిటీ, అంటే నీటినో వాయువునో అవతలికి పోనిచ్చే గుణం, మెరుగుపడుతుందనేది విషయం. బడి పుస్తకాల మాట ‘పారగమ్యత’ వాడదామంటే చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారేమోనని టెన్షన్. గమ్యం అంటే చేరాల్సిన చోటు కదా, పొరకు గమ్యమేమిటి? ‘ఇంకుదల’ అంటే సరిపోదా?

ఒక జవాబు:
ఇక్కడ ‘గమ్య’ అంటే వెళ్లదగిన అని అండీ. పారం అంటే అవతలి ఒడ్డు. చదువులో పారంగతుడు అంటామే, ఆ పారమే. ఒడ్డు లేనిది అపారం. ‘ఇంకడం’లో అవతలి ఒడ్డు లేదు, నేలలో ఇంకిన నీరు నేలదే. ‘ఊరడం’ తీసుకుంటే అవతలి వైపే కనిపిస్తుంది, బయల్దేరిన చోటు కనిపించదు.

పొరల ల్యాబ్‌లో పనిచేసే సభ్యుడు:
మాకిది ఉత్త మాటల తేడా కాదు. రంధ్రాల్లేని పొరలో పర్మియబిలిటీ అంటే రెండింటి గుణకారం: పొరలో ఎంత కరుగుతుంది, కరిగింది ఎంత వేగంగా కదులుతుంది. ఇంకడం అందులో మొదటి సగమే. నీటిని వడకట్టే పొరలకైతే ఒక బార్ ఒత్తిడికి, చదరపు మీటరు పొరలోంచి, గంటకు ఎన్ని లీటర్లు అవతలికి దిగాయో చూస్తాం. లోపల ఇంకింది లెక్కలోకి రాదు.

పొర చేసేటప్పుడు చూడాలి. పాలీసల్ఫోన్ అనే ప్లాస్టిక్‌ను ఎన్‌ఎంపీ అనే ద్రావణిలో కరిగించి, గాజు పలక మీద పల్చగా పరిచి, నీళ్లలో ముంచుతాం. ద్రావణి బయటికి పోతుంది, నీరు లోపలికి వస్తుంది. తేనెలా ఉన్న పూత చూస్తుండగానే పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపు లోపల పడ్డ రంధ్రాల వల్లే. ముందే ట్వీన్-80 అనే సర్ఫాక్టెంట్ కాస్త కలిపితే ఈ రాకపోకల తీరు మారి, రంధ్రాల తీరూ మారుతుంది. నీళ్లంటే గిట్టని పాలీసల్ఫోన్ తడవడానికి కొంచెం ఒప్పుకుంటుంది. మోతాదు మించితే లోపల పెద్ద గుల్లలు పడి, పొర ఒత్తిడికి నలిగిపోవచ్చు, ఆపాల్సినవాటినీ వదిలేయవచ్చు.

అందుకే నా అభ్యంతరం ‘పారగమ్యత’ మీద కాదు, ‘మెరుగుపడుతుంది’ మీద. చిరిగిన పొరకూ పారగమ్యత ఎక్కువే!

అడిగినవారు:
అయ్యో, శీర్షికలోనే ‘మెరుగు’ అని పెట్టాను. మారుస్తాను. మరి సర్ఫాక్టెంట్‌కు ‘తలక్రియాకారకం’ అనవచ్చా?

మొదట జవాబిచ్చినవారు:
ఇంగ్లీషులోనే అది సర్ఫేస్ (తలం), యాక్టివ్, ఏజెంట్ అనే మూడు మాటలు కత్తిరించి అతికించిన పేరు. దాన్ని విప్పి, మూడింటినీ అనువదించి, మళ్లీ కుట్టడం దేనికండీ? పైగా ఆ అణువుకు నీటిని కోరే తల, నూనెను కోరే తోక ఉంటాయి. తలమేదో తలేదో తేల్చుకోలేక పాఠకుడు తల పట్టుకుంటాడు. సర్ఫాక్టెంట్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘సబ్బు జాతి పదార్థం’ అని చెప్పండి చాలు.

అడిగినవారు:
అయితే ఇలా: “సబ్బు జాతికి చెందిన సర్ఫాక్టెంట్‌ను కొద్దిగా కలిపితే పొర పారగమ్యత పెరుగుతుంది.”

ల్యాబ్ సభ్యుడు:
బాగుంది. ఎవరు ఎడిట్ చేసినా ‘కొద్దిగా’ మాత్రం తీయనివ్వకండి.