సూర్యోదయం చూడ్డానికి అగ్నిపర్వతం ఎక్కాలంటే గైడ్ తప్పనిసరి అనడం న్యాయమేనా?

రాత్రినడక:
బాలిలో బాతూర్ అనే అగ్నిపర్వతం ఉంది. ఎత్తు 1,717 మీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే రెండు గంటల్లో పైకి చేరి సూర్యోదయం చూడొచ్చు. దారి స్పష్టంగా ఉంటుంది. ముందూ వెనకా హెడ్‌ల్యాంపులు పెట్టుకుని జనం బారులు తీరి నడుస్తుంటారు. అయినా అక్కడి గైడ్ల సంఘం తమ మనిషిని పెట్టుకోకుండా ఎవర్నీ ఎక్కనివ్వదు. సొంతంగా వెళ్లబోతే మధ్యలో ఆపి గొడవపడ్డారని ఎంతోమంది ప్రయాణికులు రాశారు.

నా ఉద్దేశంలో ఇది భద్రత పేరు పెట్టుకున్న గుత్తాధిపత్యం. రాత్రిపూట కొండలెక్కడం అలవాటున్నవాడికి, మ్యాప్ చూసుకోవడం వచ్చినవాడికి కూడా మనిషిని అంటగట్టడం ఏం న్యాయం? కావాలనుకున్నవాళ్లు పెట్టుకుంటారు, వద్దనుకున్నవాళ్లు తమ బాధ్యత మీద తాము వెళ్తారు. త్వరలో వెళ్లాలనుకుంటున్నాను కాబట్టి గట్టిగానే అడుగుతున్నాను. గైడ్ ఉండాలి అనేవాళ్లు కారణం చెప్పండి.

సుభాషిణి:
రాత్రినడక గారూ, చెప్తాను. బాతూర్ పైభాగం మీరు మామూలుగా ఎక్కే కొండలాంటిది కాదు. కింద సగం దారి సులువే. పైకెళ్లే కొద్దీ కాళ్ల కింద నల్లటి బొగ్గుముక్కల్లాంటి రాళ్లు, వాటి కింద బూడిద. అడుగు పైకి వేస్తే సగం అడుగు వెనక్కి జారుతుంది. చీకట్లో ల్యాంపు వెలుగు పడినంత మేరే కనిపిస్తుంది, పక్కన ఎంత లోతుందో తెలియదు. దిగేటప్పుడు ఇంకా కష్టం. నిద్ర లేదు, కాళ్లలో బలం అయిపోయి ఉంటుంది, చూడాల్సింది చూసేశాం అన్న ధీమా ఒకటి. జారిపడేది ఎక్కువగా అప్పుడే.

ఇంకో సంగతి. ఆ కొండ కింద బతుకుతున్నవాళ్లకి దాని మీద హక్కు లేదంటారా? 1926లో బాతూర్ బద్దలైనప్పుడు కింద ఉన్న ఊరు, ఊరి గుడి లావా కింద పడిపోయాయి. జనం పైనున్న గట్టు మీదికి వచ్చి ఊరు కట్టుకున్నారు, గుడిని కూడా అక్కడే మళ్లీ నిలబెట్టారు. ఊరినే పోగొట్టుకున్నవాళ్ల పిల్లలు, మనవలు ఇప్పుడు ఆ కొండ మీద దారి చూపించి నాలుగు డబ్బులు సంపాదించుకుంటుంటే మనం గుత్తాధిపత్యం అంటున్నాం. నాకు మనసొప్పలేదు.

వెంకట్:
అసలు సూర్యోదయం పిచ్చి ఎందుకండీ? పగటిపూట వెళ్తే దారీ కనిపిస్తుంది, లావా పారిన జాడలూ కనిపిస్తాయి. సగం ప్రమాదం ఆ చీకటి వల్లే కదా.

లావారాయి:
నేను భూగర్భశాస్త్రం చదివినవాణ్ణి, అగ్నిపర్వతాలంటే ప్రాణం. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు వెంకట్ గారికి. పెందలాడే ఎక్కడం ఫొటోల కోసమే కాదు. ఉష్ణమండలంలో తెల్లవారేసరికి ఆకాశం తేటగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ కింది తేమగాలి పైకి లేచి పది, పదకొండుకల్లా శిఖరాన్ని మబ్బు కమ్మేస్తుంది. నల్లరాయి మీద ఎండ, నీడనిచ్చే చెట్టు ఉండదు. కాబట్టి పొద్దున్నే దిగిపోవడం తెలివైన పనే. చిక్కల్లా పైకెక్కడం చీకట్లో కావడంతోనే.

ఇప్పుడు గైడ్ మాట. రెండు వేర్వేరు ప్రమాదాల్ని మనం కలిపేస్తున్నాం. ఒకటి కొండ ప్రమాదం: జారడం, చలి, దారి తప్పడం. ఇందులో గైడ్ నిజంగా పనికొస్తాడు. రెండోది అగ్నిపర్వతం ప్రమాదం: అది పేలడం. ఇందులో ఎంత గొప్ప గైడైనా చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

2014 సెప్టెంబరు 27న జపాన్‌లో ఓంతకే పేలింది. అప్పటికి దాని హెచ్చరిక స్థాయి 1, అంటే అన్నిటికన్నా కింది మెట్టు. శనివారం, మధ్యాహ్నం కావస్తోంది, శిఖరం దగ్గర జనం భోజనాలు చేస్తున్నారు. పరికరాల్లో నేల వణుకు మొదలైంది పేలుడుకి కేవలం 11 నిమిషాల ముందు. చనిపోయినవాళ్లు 58 మంది, ఆచూకీ దొరకనివాళ్లు 5 మంది. లోపలి వేడికి భూమిలోని నీరు ఒక్కసారిగా ఆవిరై పేలితే ఇలాగే ఉంటుంది. శిలాద్రవం పైకి రానక్కర్లేదు కాబట్టి ముందస్తు సూచనలు చాలా తక్కువ. న్యూజిలాండ్‌లో వాకారి 2019 డిసెంబరు 9న పేలినప్పుడు ద్వీపం మీద 47 మంది ఉన్నారు. గైడ్ల వెంట టూరుకి వచ్చినవాళ్లే. 22 మంది చనిపోయారు, అందులో గైడ్లూ ఉన్నారు.

కాబట్టి "గైడ్ ఉన్నాడు, భయం లేదు" అనుకునేవాళ్లని చూస్తే నాకు టెన్షన్. గైడ్ కన్నా ముందు చూడాల్సింది ఆ పర్వతం హెచ్చరిక స్థాయి. ఇండోనేషియాలో స్థాయిలు నాలుగు. ప్రభుత్వ అగ్నిపర్వత విభాగం వాటిని మాగ్మా ఇండోనేషియా అనే యాప్‌లో పెడుతుంది. సుమత్రాలో మరాపీ (జావాలోని మెరాపీ వేరు, చాలామంది పొరబడతారు) 2023 డిసెంబరు 3న పేలినప్పుడు స్థాయి 2లో ఉంది. బిలానికి, అంటే పర్వతం నోటికి, 3 కిలోమీటర్ల లోపలికి వెళ్లొద్దని ఆ విభాగం ముందే చెప్పింది. అయినా ఎక్కడానికి అనుమతులు ఇస్తూనే ఉన్నారు, ఆ రోజు 75 మంది కొండ మీద ఉన్నారు. 24 మంది పోయారు.

రాత్రినడక:
లావారాయి గారూ, మీరు నా వాదనకే బలం ఇచ్చారు. పేలుడు విషయంలో గైడ్ వల్ల లాభం లేదు. జారడం, చలి విషయంలో అలవాటున్నవాడు తన సంగతి తాను చూసుకోగలడు. ఇక బలవంతం దేనికి?

లావారాయి:
తొందరపడకండి, విషవాయువుల గురించి ఇంకా రాయలేదు. గంధకపు వాసన వస్తే ముక్కే చెప్తుంది, దగ్గొస్తుంది, కళ్లు మండుతాయి, పక్కకి తప్పుకుంటాం. బొగ్గుపులుసు వాయువుకి (కార్బన్ డయాక్సైడ్) రంగూ వాసనా లేవు. గాలికన్నా బరువు. గాలి కదలని చల్లటి రాత్రుల్లో గుంటల్లో, పల్లాల్లో నీళ్లు నిలిచినట్టు నిలిచిపోతుంది. సూర్యుడొచ్చి గాలి కదిలితే చెదిరిపోతుంది. అంటే మనం నడిచేది దానికి అనుకూలమైన వేళలోనే. 1979 ఫిబ్రవరిలో జావాలోని డియెంగ్ పీఠభూమి మీద ఇదే జరిగింది. తెల్లవారకముందే పేలుడు శబ్దానికి భయపడి ఊళ్లోంచి పరుగెత్తిన జనం దారిలో ఆ వాయువులోకి వెళ్లి పడిపోయారు. 140 మందికి పైగా చనిపోయారు.

బాతూర్‌లో ఇలా జరుగుతుందని నేననడం లేదు. అక్కడ పైన రాళ్ల సందుల్లోంచి వచ్చేది ఎక్కువగా నీటి ఆవిరే. గైడ్లు ఆ ఆవిరి మీద కోడిగుడ్లు ఉడికించి పెడతారు. కానీ ఏ అగ్నిపర్వతం మీదైనా ఏ పల్లంలోకి దిగకూడదో, ఏ బిలం అంచు కింద ఖాళీగా ఉందో మ్యాపులో ఉండదు. రోజూ ఎక్కేవాడికి తెలుస్తుంది. నిన్న లేని ఆవిరి ఇవాళ కొత్త చోటునుంచి వస్తే గుర్తుపట్టేదీ అతనే. మనమైతే తెల్లవారుజామున చలికి ఆవిరి దట్టంగా కనిపిస్తే కొండ ఉడుకుతోందని కంగారుపడతాం, నిజంగా మారినప్పుడు ఫొటో తీసుకుంటాం.

హిమజ:
ఇంతసేపూ గైడ్ ఉండాలా వద్దా అనే మాట్లాడుతున్నారు. ఎలాంటి గైడ్ అన్నది ఎవరూ అడగలేదు.

నేను ఒక అగ్నిపర్వతం మీద సూర్యోదయ ట్రెక్‌కి గైడ్‌తోనే వెళ్లాను. పెద్ద గుంపు, గైడ్ ఒక్కడు. అతను ముందు నడుస్తున్నాడు. మా వరసలో చివర ఒకావిడకి ఆయాసం వచ్చి కూర్చుండిపోయింది. పైకి కేకేస్తే "మెల్లగా రమ్మనండి, టైమ్ అయిపోతోంది" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. వెనకాలే పదిమంది సూర్యోదయం తప్పిపోతుందేమోనని గొణుగుతున్నారు. నేనూ ఇంకొకరూ ఆవిడ పక్కన కూర్చున్నాం. చెమట పట్టిన బట్టలు ఒంటిమీదే చల్లబడుతుంటే ఆవిడ పళ్లు టకటకా కొట్టుకోవడం వినిపించేది. నా జాకెట్ కప్పాను. తెల్లవారాక గైడ్ దిగుతూ మమ్మల్ని కలుపుకున్నాడు. అంతసేపూ మేం ముగ్గురం గైడ్ ఉన్నవాళ్లమా లేనివాళ్లమా?

2025 జూన్‌లో లొంబొక్ ద్వీపంలోని రింజానీ మీద జరిగింది గుర్తుందా? 3,726 మీటర్ల పర్వతం. బ్రెజిల్ నుంచి వచ్చిన 26 ఏళ్ల అమ్మాయి గైడ్ ఉన్న జట్టుతోనే శిఖరానికి బయల్దేరింది. అలసిపోయి వెనకబడింది, గైడ్, మిగతావాళ్లు ముందుకెళ్లారు. తెల్లవారే వేళకి లోయలోకి జారిపోయింది. సహాయక బృందం ఆమె దగ్గరికి చేరేసరికి నాలుగో రోజు, అప్పటికే ప్రాణం లేదు.

సూర్యోదయానికి గడియారం ఉంటుంది. మామూలు ట్రెక్‌లో వెనకబడినవాళ్ల కోసం జట్టంతా ఆగుతుంది, పోయేదేం లేదు. ఇక్కడ పావుగంట ఆగితే డబ్బు కట్టినవాళ్లందరికీ వచ్చిన పని పోతుంది. అందుకే ఇక్కడ ఒక గైడ్ చాలడు. ముందొకరు, చివరొకరు ఉండాలి. అది లేని "తప్పనిసరి గైడ్" రూల్ కాగితం మీద రూలే.

వెంకట్:
హిమజ గారు చెప్పింది వంద శాతం నిజం.

రాత్రినడక:
హిమజ గారూ, చదివి బాధేసింది. మీ పాయింటు ఒప్పుకుంటాను, అయితే ఇంకో దారి ఉంది కదా. జపాన్‌లో ఫుజీ చూడండి. 3,776 మీటర్లు, బాతూర్‌కి రెట్టింపు కన్నా ఎత్తు. అక్కడా జనం సూర్యోదయం కోసమే ఎక్కుతారు. రాత్రంతా ఆగకుండా ఎక్కి చలికి, అలసటకి పడిపోయేవాళ్లు ఎక్కువైపోయారు. వాళ్లు గైడ్‌ని తప్పనిసరి చేయలేదు. 2024 నుంచి యోషిదా అనే దారిలో గేటు పెట్టి, పైన గుడిసెలో బస బుక్ చేసుకోనివాళ్లకి సాయంత్రం 4 నుంచి తెల్లవారుజామున 3 వరకు మూసేశారు. రోజుకి 4,000 మంది మించకూడదన్నారు, 2,000 యెన్‌ల రుసుము పెట్టారు. 2025లో రుసుము 4,000 యెన్‌లు చేసి గేటు మధ్యాహ్నం 2కే మూయడం మొదలుపెట్టారు. వేళనీ, సంఖ్యనీ కట్టడి చేశారు తప్ప మనిషిని అంటగట్టలేదు. నేను కోరుకునేది అదీ.

సుభాషిణి:
ఫుజీ మీద దారి పొడుగునా గుడిసెలున్నాయి, సహాయ కేంద్రాలున్నాయి, డాక్టర్లు ఉంటారు. ఆ ఏర్పాట్లు ఏవీ లేని చోట గేటు ఒక్కటి పెడితే సరిపోతుందా? పైన కాలు విరిగితే మోసుకుని కిందికి తెచ్చేది ఎవరు? ఆ గైడ్లే. "నా బాధ్యత మీద నేను వెళ్తాను" అని రాశారు మొదట్లో. అది మాట వరకే అండీ. మీరు జారితే మీకోసం చీకట్లో లోయలోకి దిగే మనిషికి కూడా ఇల్లూ పిల్లలూ ఉన్నారు. మీ బాధ్యత మీ ఒక్కరితో ఆగదు.

ఇంకో మాట కూడా గుర్తుచేస్తాను. 2023లో బాలి గవర్నర్ ద్వీపంలోని 22 పర్వతాలూ పవిత్రమైనవి, ఇక ఎవరూ ఎక్కకూడదు అని ప్రకటించారు. టూరిస్టులు కొండల మీద పిచ్చి వేషాలు వేయడం వల్ల వచ్చిన తంటా అది. మా పొట్ట కొట్టొద్దని అడ్డం నిలిచినవాళ్లలో బాతూర్ గైడ్లు ఉన్నారు. ఆ రోజు వాళ్లు నోరు మూసుకుని ఉంటే ఇప్పుడు మనం గైడ్‌తో వెళ్లాలా వద్దా అని చర్చించుకోవాల్సిన అవసరమే ఉండేది కాదేమో.

లావారాయి:
సుభాషిణి గారి మాటతో ఏకీభవిస్తున్నాను, హిమజ గారి మాటతో ఇంకా ఎక్కువ. నా దృష్టిలో గైడ్ విలువ ఒక్క చోట తేలుతుంది: "ఇవాళ ఇక్కడితో ఆపి దిగుదాం" అనగలడా లేదా. గాలివాన వచ్చినా, వాసన మారినా, ఒకరికి ఒంట్లో బాగోకపోయినా ఆ మాట అనాలి. అన్నందుకు అతని కూలి పోకూడదు, కింద చెడ్డ రివ్యూ పడకూడదు. చాలా చోట్ల శిఖరం చూపించకపోతే డబ్బు వాపసు అని ప్రకటనల్లో రాస్తారు. చదివేవాళ్లకి అది భరోసాలా అనిపిస్తుంది. నిజానికి ఆ ఒక్క వాక్యం గైడ్‌ని పైకే నెడుతుంది. ఆగడానికి కారణం కనిపించినా కళ్లు మూసుకోమంటుంది.

కాబట్టి రాత్రినడక గారూ, అలాంటి హామీ ఇచ్చేవాళ్ల దగ్గర బుక్ చేయకండి. గుంపులో ఎంతమంది, చివర నడిచే మనిషి ఉన్నాడా అని ముందే అడగండి. వెళ్లే ముందు రోజు రాత్రి హెచ్చరిక స్థాయి చూసుకోండి, 1 దాటితే మానుకోండి. పొడి బట్టల జత ఒకటి సంచిలో ఉంచుకుని పైకి చేరగానే మార్చుకోండి. ఎత్తు పెరిగేకొద్దీ కిలోమీటరుకి ఆరేడు డిగ్రీలు పడిపోతుంది, తడి బట్టలతో గాలిలో నిలబడితే ఇంకా చలేస్తుంది.

రాత్రినడక:
గైడ్‌ని పెట్టుకునే వెళ్తాను, మీ అందరి మాట మీద గౌరవంతో. కానీ సంఘం బలవంతం మీద నా అభ్యంతరం అలాగే ఉంది. తప్పనిసరి అన్నవాళ్లు గుంపుకి ఎంతమంది గైడ్లో కూడా తప్పనిసరి చేయాలి, వెనక్కి తిప్పినా కూలి ఇస్తామని రాసి పెట్టాలి. ఆ రెండూ లేకుండా నా దగ్గర డబ్బు వసూలు చేసే హక్కు మాత్రమే ఉందంటే నేనొప్పుకోను.

సుభాషిణి:
ఆ రెండూ మేమూ అడుగుతున్నవే కదండీ. వీలైతే మధ్యలో ఏజెన్సీ లేకుండా నేరుగా అక్కడి గైడ్ దగ్గరే బుక్ చేసుకోండి, ఆ రెండు ప్రశ్నలూ అతన్నే అడగండి. ఏం చెప్పాడో వెళ్లొచ్చాక ఇక్కడ రాయండి.