సమస్యాపూరణం: «బొమ్మ చచ్చి పుట్టె నమ్మలేక»

నిర్వాహకుడు:
కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం దత్తాంశం అర్ధాంతరంగా ఆగిపోయిన యానిమేషన్ ధారావాహికలు, వాటి పునరాగమనం కోసం ఎదురుచూసే అభిమానులు. నిన్న రాత్రి ఒక పాత ధారావాహిక మళ్ళీ వస్తుందా రాదా అని మిత్రులు వాదించుకుంటూ ఉంటే ఈ పాదం నా నోట తానే వచ్చింది. ఇదే చివరి పాదంగా ఆటవెలది పూరించండి; మాటను ఎక్కడ విరుస్తారో మీ ఇష్టం. దత్తాంశాన్ని విడిచి ఆకాశంలో విహరించేవారిని మాత్రం ఈసారి ఉపేక్షించను.

సమస్య: *బొమ్మ చచ్చి పుట్టె నమ్మలేక*

చిత్రప్రియ:

*గొంతులన్ని వచ్చెఁ గూర్మి మీఱ మరల*
*గీతలవియె, పాత గీతమదియె*
*కన్నతల్లి యొకతె కానరాదు నడుమ*
*బొమ్మ చచ్చి పుట్టె నమ్మ లేక*

నా మనసులో ఉన్నది యానిమేనియాక్స్. 1998లో ముగిసిన ఆ ధారావాహిక 2020లో తిరిగి వచ్చినప్పుడు ప్రధాన పాత్రలకు పాత గాత్రధారులే మాట్లాడారు, పాటలు పాడారు. దాన్ని సృష్టించిన టామ్ రుగ్గర్ మాత్రం ఆ పునరాగమనంలో లేరు. బొమ్మలను చూసి సంతోషించిన నాకే ఆ లోటు చాలాకాలం పాటు అర్థం కాలేదు. హాస్యం ఉంది, వేగం ఉంది, కాని ఎవరో చక్కగా అనుకరిస్తున్నట్టు తోచేది.

గురులఘువు:
చిత్రప్రియ గారూ, «పుట్టెను + అమ్మ లేక» అన్న విరుపును ఇంత తొందరగా పట్టుకొని మిగిలిన వారి దారి మూసివేశారు. రెండవ పాదంలో చిత్రకారుని గీత, పాటగాని గీతం పక్కపక్కన కూర్చోవడం ముచ్చటగా ఉంది. ఒక్క ఆక్షేపణ ఉంది. మూడవ పాదంలో «కన్నతల్లి కానరాదు» అని చెప్పేసిన తరువాత నాలుగవ పాదం «అమ్మ లేక» అని మళ్ళీ చెప్పడం పునరుక్తి. విరుపులోని చమత్కారం సమస్యాపాదం దాకా దాగి ఉండాలి. మీరు ఒక పాదం ముందే తలుపు తెరిచారు.

అయినా, పద్యం నిండా నిఘంటువు కుమ్మరించి అదే పాండిత్యమని భావించే కొందరు పెద్దల పూరణలకంటె ఇది వేయిరెట్లు నయం.

పాతగంటం:
ఆ «పెద్దలు» ఎవరో అందరికీ తెలుసు కనుక నేనే వస్తున్నాను. బొమ్మ అంటే ప్రతిమ ఒక్కటే కాదు, బ్రహ్మ కూడా. బొమ్మరక్కసి అన్న మాట విన్నవారికి వేరే నిఘంటువు అక్కరలేదు.

*నాభి నుండి పుట్టె నలువ, తల్లి యెవరు?*
*కల్పమొకటి తీఱఁ గాలమగును*
*బొమ్మలాటకాని పుట్టు విట్టిదె కద*
*బొమ్మ చచ్చి పుట్టె నమ్మ లేక*

పునరుక్తి లేదు, తలుపు ముందే తెరవడమూ లేదు. అమ్మ లేకుండా పుట్టడం అసంబద్ధం కాదని, సృష్టికర్తకు అదే స్వభావమని సమర్థించాను.

గురులఘువు:
పాతగంటం గారూ, శ్లేష బాగుంది, ఒప్పుకుంటాను. అయితే కల్పం అంటే బ్రహ్మకు ఒక పగలు మాత్రమే. ఒక్క పగలు గడవగానే ఆయనను చంపివేయడం ధారావాహికను మొదటి వారంలోనే ఆపివేసే ప్రసార సంస్థల పద్ధతి, పురాణాల పద్ధతి కాదు. ఆయన ఆయువు ఆయన మానాన నూరేళ్ళు. పైగా నిర్వాహకులు ఆకాశవిహారం వద్దన్నది ఎవరిని ఉద్దేశించి అన్నారో ఇప్పుడు స్పష్టమైంది. ఇందులో అభిమాని ఎక్కడ? ఆగిపోయిన కథ ఎక్కడ?

పాతగంటం:
రెండవ పాదాన్ని ఇలా చదువుకోండి: *నూఱు నిండినంత నూత్నుఁ డగును.* ఇక దత్తాంశం సంగతి. మూడవ పాదంలోని బొమ్మలాటకాడు ఎవరు? యానిమేషన్ చేసేవాడు కాడా? వాడికి కాలం తీరడం, మళ్ళీ కొత్తవాడుగా రావడం మీకు కనబడకపోతే నా దోషం కాదు.

ఆకాశవిహారం మాట మీ నోట రావడం మాత్రం వింత. క్రిందటి మారు, విమానం నడిపే పిల్లుల ధారావాహిక స్వాట్ క్యాట్స్ మీద మీరు రాసిన *పిల్లు లెగిరి పోయెఁ బిడుగు వోలె* అన్న పాదాన్ని ఈ బృందం ఇంకా మరువలేదు. పిడుగు పడుతుంది గాని ఎగురుతుందా? ఆ విమానం పైకి వెళ్ళిందో కిందికి కూలిందో పాఠకుడికి ఇప్పటికీ తెలియదు.

గురులఘువు:
పిడుగులోని వేగాన్ని పోల్చాను, దిక్కును కాదు. ఉపమలో ఒక్క ధర్మం కుదిరితే చాలునని అలంకారశాస్త్రం చదివిన ప్రతివారికీ తెలుసు. ఆ పద్యం విషయమే తెచ్చారు కనుక అందులోని బాధ కూడా చూడవలసింది. 1993లో మొదలై 1995లో ఆగిన ఆ ధారావాహిక కోసం ఇరవై ఏళ్ళ తరువాత కూడా అభిమానులు ఆశ వదలలేదు. 2015లో దానిని సృష్టించిన ట్రెంబ్లే సోదరులే ప్రజల నుండి చందాలు కోరారు. అక్కడ తల్లి ఉన్నది, బొమ్మే లేదు. ఈ వారం సమస్యకు అది పూర్తిగా తలక్రిందులైన సందర్భం కనుక ఈసారి దానిని వదిలి వేరొకటి తీసుకున్నాను.

*పదమూడేండ్లు నిదుర పట్టిన కథ లేచె*
*కంఠ మిచ్చినట్టి ఘనుఁడు లేఁడు*
*వేఱు గొంతు దాల్చి వేంచేసె నసురుండు*
*బొమ్మ చచ్చి పుట్టె నమ్మ లేక*

సామురాయ్ జాక్ 2004లో అసంపూర్తిగా ఆగింది. అందులోని అకు అనే రాక్షసుడికి గొంతునిచ్చిన మాకో 2006లో కన్నుమూశారు. 2017లో చివరి భాగం (సీజన్) వచ్చినప్పుడు ఆ పాత్రకు గ్రెగ్ బాల్డ్విన్ మాట్లాడారు. బొమ్మకు ప్రాణం పోసేది గాత్రం కనుక దానినే అమ్మ అన్నాను.

పాతగంటం:
అహో! ఇన్నేళ్ళుగా మా అందరి లఘువులను లెక్కపెట్టిన గురులఘువు గారి పద్యం మొదటి గణంలోనే కూలింది. «పదమూ» అన్నది సగణం (రెండు లఘువులపై ఒక గురువు). సూర్యగణం ఉండవలసిన చోట సగణం కూర్చుంటే ఆ పాదానికి నిదుర పట్టడంలో ఆశ్చర్యమేముంది? ఇతరులెవరైనా ఈ పని చేసి ఉంటే ఈపాటికి మీ వ్యాఖ్య మూడు పేరాలు నిండేది.

గురులఘువు:
నా వ్రాతప్రతిలో ఉన్న పాఠం ఇది, టైపు చేసినప్పుడు వ్యావహారికం దొర్లింది:

*పదియు మూఁడు నేండ్లు పండిన కథ లేచె*

పాతగంటం:
వ్రాతప్రతులు ఎప్పుడూ ఇటువంటి సమయాల్లోనే దొరుకుతాయి. పాఠం మాత్రం మొదటిదానికంటె ఎంతో బాగుంది. «పండిన» అన్నది నిదురపోవడానికీ పక్వం కావడానికీ రెండింటికీ చెల్లింది. మీరు ఉద్దేశించకపోయినా శ్లేష శ్లేషే.

చిత్రప్రియ:
గురులఘువు గారి పద్యంపై నాకు గణాల విషయంలో కాదు, భావం విషయంలో అభ్యంతరం ఉంది. సామురాయ్ జాక్‌ను సృష్టించిన గెండీ టార్టకోవ్‌స్కీయే 2017లో తిరిగి వచ్చి, తన కథను తానే ముగించారు. తల్లి నిక్షేపంగా ఉండి, బిడ్డను స్వయంగా ఎత్తుకొని వచ్చినప్పుడు «అమ్మ లేక» అనడం ఆయనకు అన్యాయం కాదా? నా పద్యంలో గొంతులున్నాయి, తల్లి లేదు; మీ పద్యంలో తల్లి ఉన్నది, ఒక గొంతు లేదు. రెండింటికీ ఒకే పాదం ఎలా సరిపోతుంది?

గురులఘువు:
చిత్రప్రియ గారి ప్రశ్న ఈ దారం మొత్తంలో అత్యుత్తమమైనది కనుక ఓపికగా సమాధానం చెబుతాను. చూసేవాడి వైపు నుండి ఆలోచించండి. అతనికి సృష్టికర్త పేరు చివరి పేర్ల పట్టికలో ఒక వరుస మాత్రమే, కాని గొంతు చెవిలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. 2022 ఫిబ్రవరిలో ఫ్యూచరామా మళ్ళీ వస్తున్నదని ప్రకటించినప్పుడు సృష్టికర్తలు ఉన్నారు, రచయితలు ఉన్నారు. బెండర్ పాత్రకు గొంతునిచ్చే జాన్ డిమాజియో మాత్రం అప్పటికి ఒప్పందంలో లేరు. పండుగ చేసుకోవలసిన అభిమానులు ఆయన లేని బెండర్ మాకు వద్దని పట్టుబట్టారు. మార్చిలో ఆయన చేరిన తరువాతనే వారు శాంతించారు. 2003లోనూ 2013లోనూ రెండుసార్లు ఆగి, ఎనిమిదేళ్ళకు పైగా నిలిచిపోయి ఉన్న ధారావాహిక తిరిగి వస్తానంటే కూడా ఆ గొంతు లేకుండా రావద్దన్నారంటే, వారి లెక్కలో అమ్మ ఎవరో మీరే చెప్పండి.

చిత్రప్రియ:
ఈ వివరణ పద్యం కంటె బలంగా ఉంది. పద్యంలోనే ఆ అభిమాని కనబడి ఉంటే నేను ఈ ప్రశ్న అడిగేదాన్ని కాదు.

కొత్తచిగురు:
పెద్దలకు నమస్కారం. ఇది నా తొలి పూరణ. అందరూ «అమ్మ లేక» అని విరిచారు కనుక నేను విరవకుండా «నమ్మలేక» అనే ఉంచాను. 2002లో రద్దయిన ఫ్యామిలీ గై, డీవీడీలు విరివిగా అమ్ముడుపోవడం వల్లా, పునఃప్రసారాలకు ఆదరణ దొరకడం వల్లా 2005లో తిరిగి వచ్చిన సందర్భం తీసుకున్నాను.

*వార్త వినినయంత వచ్చె నానందంబు*
*కనులు తుడిచికొనిరి కాంచువారు*
*ఏండ్లు గడిచె నింక నెన్నఁడో యను వేళ*
*బొమ్మ చచ్చి పుట్టె నమ్మలేక*

పాతగంటం:
చిరంజీవీ, ధార బాగుంది, యతులు కుదిరాయి. అయితే «నమ్మలేక» అన్నదానికి కర్త ఎవరు? వాక్యం ప్రకారం నమ్మలేనిది బొమ్మ, ఎందుకంటే పుట్టినది బొమ్మ. అభిమానులు రెండవ పాదంలోనే కన్నులు తుడుచుకొని వెళ్ళిపోయారు. అసమాపక క్రియకూ సమాపక క్రియకూ కర్త ఒకరే కావాలి. మూడవ పాదాన్ని ఇలా మార్చి చూడు:

*ఏడ్చి నవ్వి మరల నిట్లు పలికి రెల్ల*

అప్పుడు «బొమ్మ చచ్చి పుట్టె» అన్నది వారు పలికిన మాట అవుతుంది, నమ్మలేనివారూ పలికినవారూ ఒకరే అవుతారు.

గురులఘువు:
పాతగంటం గారి సవరణతో నేను ఏకీభవించడం ఈ బృందంలో అరుదైన సంఘటన కనుక నమోదు చేస్తున్నాను. వ్యాకరణం నిలిచింది. కాని «ఏడ్చి నవ్వి» అన్నప్పుడు భావం కాస్త నాటకీయమైంది; కన్నులు తుడుచుకోవడం చెప్పిన తరువాత మళ్ళీ ఏడవడం ఎందుకు? ఇందాక చిత్రప్రియ గారికి చెప్పిన పునరుక్తి ఇక్కడా వర్తిస్తుంది.

కొత్తచిగురు:
ఇద్దరికీ ధన్యవాదాలు. సవరణను స్వీకరిస్తున్నాను. అభిమానులు చూస్తూ కూర్చోవడమే కాక పని కూడా చేస్తారని చెప్పే పద్యం ఒకటి రాయాలని ఉంది. 2023 జూన్‌లో స్టార్ ట్రెక్ ప్రాడిజీని రద్దు చేసి, ప్రసార వేదిక నుండి కూడా తొలగించినప్పుడు అభిమానులు విజ్ఞాపనపత్రాలపై సంతకాలు చేశారు, విమానం వెనుక బ్యానరు కట్టి ఎగురవేయించారు. మరొక వేదిక దానిని తీసుకున్నది, 2024 జులైలో రెండవ భాగం విడుదలైంది. «విమానం» నా పాదంలో ఎక్కడా ఇమడడం లేదు.

పాతగంటం:
విమానాల విషయంలో గురులఘువు గారిని సంప్రదించు.

అర్ధరాత్రి ప్రేక్షకుడు:
ఇప్పటివరకు వచ్చిన పూరణలన్నిటిలోనూ బొమ్మ నిజంగానే తిరిగి పుట్టింది. పుట్టని వాటి మాట ఎవరూ ఎత్తలేదు. ఇన్ఫినిటీ ట్రైన్ సృష్టికర్త ఓవెన్ డెన్నిస్ ఎనిమిది భాగాలు ఊహించుకొని ఉండగా నాలుగింటితో 2021లో ఆగిపోయింది. 2022 ఆగస్టులో ఉన్న నాలుగు భాగాలను కూడా ప్రసార వేదిక నుండి తొలగించారు. చూసినవారు అక్కడ మళ్ళీ చూడటానికి కూడా వీలు లేకుండా పోయింది.

*రైలు వెళ్ళి పోయె, రాదు వెనుకకంచు*
*నిదురపోతి, కలను నేఁడు కంటి*
*త్రుళ్ళిపడుచు లేచి తుడిచి చూచితిఁ దెర*
*«బొమ్మ చచ్చి పుట్టె» నమ్మలేక*

చిత్రప్రియ:
ఇందులో అభిమాని ఉన్నాడు, ఆగిన కథ ఉంది, కర్త ఒక్కరే. కలలోని వార్తను నమ్మలేక తెర తుడిచి చూడటం అన్న ఒక్క చేష్టలోనే, నేను నా నాలుగు పాదాల్లోనూ చెప్పలేనిది ఉంది.

గురులఘువు:
బాగుంది. రైలు అన్న మాటను ధారావాహిక పేరుకూ పోయిన అవకాశానికీ వాడుకోవడం అసలు శ్లేష. ఐకారానికి ఆకారంతో యతి కూడా చక్కగా కుదిరింది. అయితే «తుడిచి చూచితిఁ దెర» అన్నచోట «తెరను» అని ద్వితీయ ఉండవద్దా?

పాతగంటం:
జడానికి ద్వితీయకు బదులు ప్రథమ చెల్లుతుంది. తెర జడమే. దాని ముందు రాత్రంతా కూర్చునేవారి సంగతి వేరు. నా ఓటు ఈ పద్యానికే. నా బ్రహ్మకు రెండవ స్థానమైనా ఇవ్వకపోతే మాత్రం ఊరుకోను.

నిర్వాహకుడు:
స్థానాలు ఆదివారం సాయంత్రం ప్రకటిస్తాను, అంతవరకు పూరణలు పంపవచ్చు. గురులఘువు గారు సవరించిన పాఠాన్నే లెక్కలోకి తీసుకుంటాను. పాతగంటం గారి పద్యంలో కూడా సవరించిన రెండవ పాదమే చెల్లుతుంది. పిడుగు పడుతుందా ఎగురుతుందా అన్న వివాదానికి వేరే దారం తెరిచాను, దయచేసి అక్కడికి వెళ్ళండి.